మా తమ్ముడి ముళ్ల చేప పంచుక పట్టిన వైనం

మా తమ్ముడు శ్యామసుందరరావు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యాడు. ఉన్నన్నాళ్లూ ఒకరితో గట్టిగా మాట్లాడిన పాపాన పోలేదు. ఎవరైనా వచ్చి తన కుర్చీలో కూర్చుంటే, వాళ్లు లేచేదాకా నిలబడి గోడ మీది టైం టేబుల్ చదువుకునేవాడు. ఇంట్లో బల్లి కనపడితే ఆ గది బల్లికే వదిలేసి వచ్చేవాడు. ఇంజక్షన్ వేయించుకోవడానికి వెళ్తే నర్సు సూది తీయకముందే "అయిపోయిందామ్మా" అని అడిగేవాడు.

ఇలాంటి మనిషి తనంతట తాను ఎంచుకున్నది ఏముంటుంది? చదువు మా నాన్న చెప్పించింది. ఉద్యోగం మా మేనమామ వేయించింది. పెళ్లాం సత్యభామను చూసి ఖాయం చేసింది అక్కనైన నేను. ఆ తర్వాత ఇల్లు, ఇంటికి వేసే రంగు, ఇంట్లో వండే కూర, అతను కట్టుకునే లుంగీ గళ్లు, అన్నీ సత్యభామే చూసుకుంది. నేను ఎంచిన పిల్ల గనక బాగానే చూసుకుంది. ఒడిశాలోని ఈ బరంపురంలో గేట్ బజార్ వెనక వీధిలో వాళ్లిల్లూ మా ఇల్లూ ఎదురెదురు. కాబట్టి నేను చెప్పేవి విన్నవి కావు, చూసినవి.

రిటైరయ్యాక మగవాళ్లు సాధారణంగా పెళ్లాల వంటకు వంకలు పెట్టడం మొదలుపెడతారు. మావాడికి అంత ధైర్యం లేదు. ఫోనులో చేపలు చూడటం మొదలుపెట్టాడు. ఉద్యోగమంతా ఐసు కప్పిన చేప బుట్టలను తూకం వేసి హౌరా పంపించడంతోనే గడిచిందట, బతికున్న చేపను తీరిగ్గా చూసే భాగ్యం కలగలేదట. ముందు గదిలో టీవీ ఉండే చోట మంచమంత గాజు తొట్టె దిగింది. టీవీ పడక గదిలోకి వెళ్లింది. పడుకుని సీరియల్ చూడొచ్చని సత్యభామ ఊరుకుంది.

గోపాలపురం నుంచి స్కూటరు మీద క్యాన్లతో సముద్రం నీళ్లు తెచ్చి తొట్టె నింపాడు. అడుగున రాళ్లు పేర్చాడు. ఇక చేపలు వస్తాయనుకుంటే రావే. నెలన్నర పాటు ఆ ఖాళీ నీళ్లకు మోటారు పెట్టి గాలి కొట్టాడు. ఎవరడిగినా "నీళ్లు ముదరాలి" అనేవాడు.

"ఒరే శ్యామూ, బెండకాయ ముదురుతాది, ఆనపకాయ ముదురుతాది. నీళ్లు ముదరడమేట్రా?" అన్నాను.

"అందులో కంటికి కనపడని పురుగులు పుట్టాలప్పా. అవి ఉంటేనే సేప బతుకుతాది."

"పురుగుల కోసం ఇంత కరెంటు కాల్చాలేటి? మన ఈది కాలవలో ఊరికే పుడతన్నాయి కదా."

ఎప్పటిలాగే నవ్వి మోటారు సరిచూసుకున్నాడు.

మా దగ్గరి చేపల రేవు రామయ్యపట్నంలో దాలయ్య అని ఒక పడవ యజమాని ఉన్నాడు. పార్సిల్ ఆఫీసుకు చేప బుట్టలు తెచ్చేవాడు, అప్పటి నుంచీ స్నేహం. ఒకరోజు అతను ఫోన్ చేశాడు. "బాబూ, మీరు ఫోన్లో బొమ్మ సూపించిన రకం, అదే ఆ ఈకల్ది, వల్లో పడ్డాది. బతికే ఉన్నాది. బేగి రండి, లేపోతే ఇసిరీస్తాను" అన్నాడు. మావాడు చొక్కా గుండీలు బస్సులో పెట్టుకున్నాడు. తిరుగు బస్సులో మూత ఉన్న బకెట్ ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. బస్సు కిక్కిరిసి ఉన్నా తన పక్క సీటు ఖాళీగానే ఉందని చెప్పాడు. మూత తీసి చూపించి ఉంటాడు.

చెప్పొద్దూ, ఆ చేప అందమైనదే. ఒళ్లంతా ఎర్ర చారలూ తెల్ల చారలూ. రెక్కలు విప్పితే బరంపురం పట్టుచీర కుచ్చిళ్లు విప్పినట్టు ఉంటుంది. వీపు మీద మాత్రం పొడుగాటి ముళ్లు వరసగా నిలబడి ఉంటాయి. విషమంతా వాటిలోనే. ఇంగ్లీషులో దాన్ని లయన్ ఫిష్ అంటారట. దాలయ్య వాళ్లు మాత్రం వలలో పడితే తిట్టి పారేస్తారు. నేను ముళ్ల చేప అన్నాను. వీధంతా అదే పేరు పడిపోయింది.

"దాలయ్య ఒకటే సెప్పినాడు" అని మావాడు సత్యభామకు జాగ్రత్తలు చెప్పాడు. "ముల్లు గుచ్చుకుంటే సెయ్యంతా నిప్పులు పోసినట్టుంటాదట. ఓర్చుకోగలిగినంత ఏడినీళ్లలో సెయ్యి ముంచి, తిన్నగా ఆస్పత్రికి ఎల్లిపోవాలట."

"అంటే ఇంట్లో పామునెట్టినారన్నమాట" అంది సత్యభామ.

"పాము కాదు సత్యం, సేప."

"పామైతే పుట్ట కాడ ఉంటాది. ఇది సోఫా కాడ ఉన్నాది."

రెండో వారంలోనే గుచ్చింది. గాజుకు పట్టిన పాచి తుడుస్తూ మావాడు చెయ్యి చూసుకోలేదు. కేక విని నేను వెళ్లేసరికి సత్యభామ తిడుతూనే గిన్నెలో వేడినీళ్లు పోస్తోంది, ఇతను అందులో చెయ్యి పెట్టుకుని కన్నీళ్లు కారుస్తున్నాడు. ఆస్పత్రిలో ఏం కరిచిందని అడిగితే చేప అన్నాడట. ఎక్కడని అడిగితే, ముందు గదిలో అన్నాడట. రెండు రోజులకు నొప్పి తగ్గింది గానీ వాచిన వేలిని మాత్రం వారం రోజులు ఊరందరికీ చూపించాడు. ఇంజక్షన్‌కు కళ్లు మూసుకునే మనిషి, కట్టు కట్టిన వేలిని జెండాలా పైకెత్తుకుని గేట్ బజార్ అంతా తిరిగాడు.

ఆ చేప వచ్చాక మనిషి నిటారుగా నడవడం మొదలుపెట్టాడు. దాన్ని చూడ్డానికి జనం వచ్చేవారు. వచ్చినవాళ్లకు వివరంగా చెప్పేవాడు, వాళ్లు వినేవారు. అతను మాట్లాడుతుంటే నలుగురు వినడం అదే మొదలు. చేప కూడా అతను గదిలోకి వస్తే చాలు గాజు దగ్గరికి వచ్చేది. అతను ఎటు నడిస్తే అటు తిరిగేది. పైకి తేలి అతని మీదికి నీళ్లు చిమ్మేది. పుల్లకు గుచ్చి రొయ్య అందిస్తే గుటుక్కున మింగేది.

"నన్ను గుర్తుపడతాదప్పా" అన్నాడు ఒకరోజు మెల్లగా.

ఆ మాటకు నేను వెక్కిరించలేదు. ఉద్యోగంలో అతని పై అధికారి చివరి రోజు శాలువా కప్పుతూ కూడా శ్యామలరావు అనే పిలిచాడు.

ఇక పంచుక సంగతి. మా సత్యభామ పుట్టిందీ మెట్టిందీ తెలుగిళ్లలోనే అయినా, ఇక్కడి ఒడియా పండుగలూ మన తెలుగు పండుగలూ రెండూ చేస్తుంది. ఏ దేవుడు పలుకుతాడో తెలియదు గనక ఎవరినీ వదలదు. కార్తీకంలో పున్నమితో ముగిసే అయిదు రోజులను ఇక్కడ పంచుక అంటారు. ఆ అయిదు రోజులూ చేప ఇంటికి రాదు, చేప వాసన వీధిలోకి రాదు. కొంగలు కూడా ఆ రోజుల్లో చేపను తాకవని ఇక్కడి వాళ్ల నమ్మకం. కొంగలను అడిగినవాళ్లు లేరు. నేను పంచుక పట్టను. నా వయసుకు నేనేం తిన్నా దేవుడు పట్టించుకోడు.

పంచుకకు ముందు రోజు నన్ను పంచాయితీకి పిలిచారు. సత్యభామ సోఫాలో కూర్చుని ఉంది. మావాడు తొట్టెకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"వదినా, మీరే సెప్పండి" అంది సత్యభామ. "రేపట్నుంచి పంచుక. నాను ఒంటిపూట అన్నం తిని, తులసి కాడ ముగ్గెట్టుకుంటాను. ఈయన ఈడ కూకోని రొయ్యలూ మెత్తళ్లూ మేపుతారట. కొంగలు మానీసినాయి, నాను మానీసినాను, దీనికేటి రోగం?"

"అది సేప కదా" అన్నాడు మావాడు.

"సేపైతే మరీ తప్పు. సొంత జాతినే తింటన్నాది."

నిజానికి ఆమె బాధ దేవుడి గురించి ఒక్కటే కాదు. వాళ్ల మేడ మీద అద్దెకుండే పూర్ణచంద్ర గారు పెద్దాయన, ఒడియా మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మెడలో తులసి పూసలు, జన్మలో నీచు ముట్టలేదు. సత్యభామ ఆయన్ను మౌసా అని పిలుస్తుంది, ఒడియాలో అలా పిలిస్తే సొంత బాబాయి కింద లెక్క. ఆయన ఆమెను 'మా' అంటాడు, మనం అమ్మా అన్నట్టు. ఆయన చేపను చూసి మురిసి "ఇదేం తింటుంది మా?" అని అడిగినప్పుడు, ఇంట్లో నీచు మేపుతున్నామని చెప్పలేక, "నూకల దాణా మౌసా" అని చెప్పేసింది. పాపం ఆయన నమ్మాడు. పంచుకలో ఆయన కంట రొయ్య పడితే తన పరువేం కావాలని ఆమె గొడవ.

నేను దాలయ్యకు ఫోన్ చేయించాను. "వారం తినకపోయినా దానికేటీ కాదమ్మా, సంద్రంలో రోజూ ఎవులు ఒడ్డిస్తారు?" అన్నాడు అతను. అది విని తీర్పు చెప్పాను. చేప అయిదు రోజులు పంచుక పడుతుంది. ఆ అయిదు రోజుల్లో చేపకు నీచు అందిందా, పున్నమినాడు గోపాలపురం తీసుకెళ్లి సముద్రంలో వదిలెయ్యాలి. అందకపోతే ఇక ఈ జన్మలో సత్యభామ ఆ చేప ఊసెత్తకూడదు. ఇద్దరూ ఒప్పుకున్నారు. మావాడు ఒప్పుకున్నప్పుడు తొట్టె వైపు చూడలేదు. రొయ్యల డబ్బా మా ఫ్రిజ్‌లోకి మారింది. మూత చుట్టూ సత్యభామ దారం చుట్టి ఇరవై ముళ్లు వేసింది.

మొదటి రోజు చేప మామూలుగా పైకి తేలి నీళ్లు చిమ్మింది. మావాడు వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు. రెండో రోజు అతను ఆ గదిలోకే వెళ్లలేదు, పెరటి దారిన తిరిగాడు. పొద్దున్నే పాల ప్యాకెట్‌కు వెళ్లినవాడు మధ్యాహ్నం దాకా బజారులోనే ఉండిపోయాడు. సత్యభామ తెల్లవారుతూనే గుడికి వెళ్లేది. వీధి తలుపు తీసే ఉండేది. పూర్ణచంద్ర గారు రోజూలాగే చెంబు పట్టుకుని మేడ దిగి, వాళ్ల పెరట్లో మందారాలు కోసుకుని, అటూ ఇటూ తిరిగి మేడెక్కేవాడు. ఊళ్లో అంతా భక్తిగా ఉంది.

నాలుగో రోజు పొద్దున సత్యభామ గుడి నుంచి వచ్చి, అటు తిరిగి కాళ్లు తుడుచుకుంటూ తొట్టెలోకి చూసింది. చూసి నన్ను కేకేసింది.

చేప పొట్ట నిండు నెలల మనిషి పొట్టలా గుండ్రంగా ఉంది. పైకి తేలడం లేదు. నీళ్లు చిమ్మడం లేదు. భోజనం చేసి వక్క నములుతున్న కరణంలా ఒక రాయి పక్కన చేరగిలబడి ఉంది.

"ఉపాసమున్న పొట్టేనా ఇది?" అంది సత్యభామ.

"సత్యం, నా మీద ఒట్టు, నానేటీ పెట్లేదు."

"మీరెట్టకపోతే అది వండుకున్నాదేటి?" అని నా వైపు తిరిగింది. "డబ్బా మీ ఇంట్లోనే ఉన్నాది వదినా."

నా ఒంటికి కారం రాసినట్టయింది. వెళ్లి డబ్బా తెచ్చి సోఫా మీద పెట్టాను. ఇరవై ముళ్లూ ఉన్నట్టే ఉన్నాయి. ఆమె ఒక్కొక్క ముడీ తడిమి చూసుకుంది.

"బజార్లో రొయ్యలు దొరకవేటి? పొద్దస్తమానం అక్కడే ఉంటన్నారు కదా" అంది మొగుడితో.

పంచుకలో బరంపురం బజారులో రొయ్యలు అమ్మేవాడెవడో నాకైతే తెలియదు. అదే మాట మావాడు అంటాడేమోనని చూశాను. అనలేదు. పెరట్లోకి వెళ్లి బకెట్ కడగడం మొదలుపెట్టాడు.

వెనకే వెళ్లాను. "పెట్టావేట్రా?"

"లేదప్పా."

"మరి నోరిప్పి సెప్పవేటి?"

"సెప్పినాను కదా. నమ్మలేదు."

"రెండోసారి సెప్పు."

"రెండోసారి ఎప్పుడూ సెప్పలేదప్పా, అలవాటు లేదు" అన్నాడు. బకెట్ అంచును మళ్లీ మళ్లీ రుద్దుతున్నాడు.

పున్నమినాడు తెల్లవారుతుండగా ఆటోలో నలుగురం గోపాలపురం బయలుదేరాం. కార్తీక పున్నమికి ఇక్కడ అరటి దొప్పలతో చిన్న పడవలు చేసి, దీపం, తమలపాకు పెట్టి నీళ్లలో వదులుతారు. పూర్ణచంద్ర గారు మూడు పడవలు చేసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. మావాడి కాళ్ల మధ్య మూత పెట్టిన బకెట్ ఉంది. దాని గురించి అడిగితే సత్యభామ "సముద్రం నీళ్లకి మౌసా" అని తల బయటికి తిప్పుకుంది.

ఒడ్డు నిండా జనం. పడవలు వదిలాం. పూర్ణచంద్ర గారి పడవ ఒకటి బోర్లా పడి మా కాళ్ల దగ్గరికే వచ్చింది. ఆయన దాన్ని మళ్లీ నిలబెట్టి సాగనంపాడు. జనం కాళ్లు తడుపుకునే చోట ముళ్ల చేపను వదలడం ధర్మం కాదని మావాడు బకెట్ తీసుకుని దూరంగా రాళ్లున్న వైపు నడిచాడు. నేనూ సత్యభామా వెనక నడిచాం. మోకాళ్ల నొప్పులతో కుంటుతూ పూర్ణచంద్ర గారు కూడా వచ్చేశాడు. వద్దన్నా వినలేదు.

మావాడు వంగి మూత తీశాడు. చేప రెక్కలు విప్పి అతని వైపు తిరిగింది. ఆ మనిషి అలాగే ఉండిపోయాడు.

"శ్యామబాబు, దీన్నెందుకు తెచ్చావు?" అన్నాడు పూర్ణచంద్ర గారు.

"ఒగ్గేద్దామని మౌసా."

"మంచిదే. మరి తక్కినవాటిని కూడా తేవలసింది. నాలుగు రోజులుగా కలిసి ఉన్నాయి కదా."

"తక్కినవేటి?" అంది సత్యభామ.

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "చేసిన పుణ్యం చెప్పుకోకూడదు మా. వీధి కాలువ ఎండిపోతోంది. దోమల కోసం వదిలిన చిన్న చేపలు బురదలో కొట్టుకుంటున్నాయి. పంచుకలో వాటిని కాపాడితే ఎంత మంచిది! చెరువు దాకా నడవలేను. మీ తొట్టె దగ్గర్లోనే ఉంది, నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఇది చూస్తే బిచారా, పాపం ఒంటరిగా ఉంది. రోజూ పొద్దున చెంబుతో నాలుగో అయిదో తెచ్చి దీనికి తోడు వేశాను."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. సత్యభామ ముఖం దొప్పలో వెలిగించిన దీపం ఆరిపోయినట్టు అయిపోయింది. పంచుక పొడుగునా ఆ మహానుభావుడు ఒక్కొక్క ప్రాణాన్నీ బురదలోంచి ఏరి, మంత్రం చదివి, ఆ ఉప్పునీళ్లలో తిన్నగా దీని నోట్లో వేశాడు.

"కానీ మా, ఏం దాక్కుంటాయో" అన్నాడు ఆయన. "మర్నాడు చూస్తే ఒక్కటీ కనపడేది కాదు. అందుకే మళ్లీ తెచ్చేవాణ్ని." అంటూ బకెట్లోకి తొంగిచూశాడు. చేప పొట్ట చూశాడు. ఆయన చెయ్యి తులసి పూసల మీదికి వెళ్లింది. "శ్యామబాబు, ఇది దాణాయే తింటుంది కదా?"

సత్యభామ నా వైపు చూసింది. నేను సముద్రం వైపు చూశాను. నూకల దాణా అని చెప్పింది నేను కాదు.

మావాడు లేచి నిలబడ్డాడు. ఒక్క మాట చెబితే చాలు, అతను నిర్దోషి. ఇన్నాళ్లకు సత్యభామ అతనికి తలవంచాల్సి వస్తుంది. ఆ పెద్దాయన మాత్రం ఇక ఏ కార్తీకంలోనూ తల ఎత్తలేడు.

"దాణాయే మౌసా" అన్నాడు మావాడు. "మీవన్నీ రాళ్ల ఎనకాల ఉన్నాయి. కొత్త సోటు కదా, పగలు బయటికి రావు. నాను టార్చి ఏసి సూసినాను." ఊపిరి తీసుకుని పెళ్లాం వైపు తిరిగాడు. "సత్యం, నువ్వూ సూసినావు కదా?"

ఆ మనిషి నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు. ఎంత చక్కగా ఆడాడనుకున్నారు. పార్సిల్ మీద ముద్ర వేసినట్టు ఆడాడు.

సత్యభామ ఇరుకున పడింది. అవునంటే చేపలు బతికే ఉన్నట్టు, ముళ్ల చేప పంచుక పట్టినట్టే, తాను ఓడినట్టు. కాదంటే పెద్దాయన అక్కడే కూలబడతాడు. బకెట్లోకి చూసింది, తులసి పూసల మీది చెయ్యి చూసింది.

"సూసినాను మౌసా" అంది. "ఎర్ర తోకది ఒకటి బలే సలాకీగా ఉన్నాది."

"నానూ సూసినాను" అన్నాను. నా కంట్లో శుక్లాలున్నాయని వాళ్లందరికీ తెలుసు.

పూర్ణచంద్ర గారి ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. "మరి దీన్నెందుకు వదలడం? వాటికి దీని తోడు అలవాటైంది కదా. పున్నమినాడు విడదీయడం మంచిది కాదు మా" అన్నాడు సత్యభామతో, బడిలో పిల్లకు చెప్పినట్టు.

"అలాగే మౌసా" అంది సత్యభామ. ఆ రెండు మాటలకూ ఆమెకు ఎంత బలం కావలసి వచ్చిందో నాకు తెలుసు.

మావాడు మూత పెట్టి బకెట్ ఎత్తుకున్నాడు. ఆటో దాకా అంత గబగబా నడవడం నేను చూడలేదు.

దారిలో పూర్ణచంద్ర గారు హుషారుగా ఉన్నాడు. "కాలువలో ఇంకా కొన్ని మిగిలాయి. రేపు పొద్దున తెచ్చి" అన్నాడో లేదో, ముగ్గురం ఒక్కసారే వద్దన్నాం. ఆటో అతను ఉలిక్కిపడి బ్రేకు వేశాడు.

"తొట్టె నిండిపోయింది మౌసా" అన్నాడు మావాడు. "ఇంక పట్టవు. రేపట్నుంచి మీరు బురదలోంచి తీసి ఇవ్వండి, నాను స్కూటరు మీద సెరువుకి తీసుకెళ్లి ఒగ్గుతాను."

ఇల్లు చేరాక చేపను మెల్లగా తొట్టెలోకి దింపాడు. సత్యభామ గుమ్మంలో నిలబడి చూస్తోంది. కాసేపటికి, "వదినా, రేపటికి పంచుక అయిపోతాది కదా, ఆ డబ్బా పంపించీండి. దానికి ఆకలేస్తాదేమో" అంది, మొగుడి వైపు చూడకుండా.

"వద్దు" అన్నాడు మావాడు. "పొట్ట తగ్గేదాకా ఏటీ పెట్టకూడదు. ఇప్పుడే దానికి ఉపాసం మొదలు."

"ఎన్ని రోజులు?"

"నాను సెప్తాను" అన్నాడు.

ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరు అనేవారో నాకు బాగా తెలుసు. సత్యభామ కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.